వేడి లెక్క ముందు, యంత్రము తరువాత



వేసవి దగ్గరపడగానే మన గ్రామములలో కూడా "ఎన్ని టన్నుల ఏసీ కొనాలి?" అనే ప్రశ్న వినిపించుచున్నది. గృహ సందర్శనలకు వెళ్లినప్పుడు మమ్మును కూడా అడుగుచుందురు. ధర ఎంత, వాయిదా ఎంత అని అందరమూ విచారించెదము. అయితే మన గదిలోకి వేడి ఎక్కడ నుండి వచ్చుచున్నదో ఎంతమందిమి విచారించుచున్నాము? ఆ లెక్క చూచుకొనక కొన్నవారు వేసవి పోయినను అప్పు తీర్చుచునే ఉందురు.

టన్ను అనగా యంత్రము బరువు కాదు. పూర్వము మంచుగడ్డలతో చల్లబరచు రోజులలో, ఒక అమెరికా టన్ను, అనగా 907 కిలోల మంచు 24 గంటలలో కరుగుచు ఎంత వేడిని పీల్చుకొనునో దానినే కొలతగా పెట్టుకొనిరి. ఒక టన్ను ఏసీ గదిలో నుండి సుమారు 3,500 వాట్ల వేడిని బయటికి తోడివేయును.

ఇప్పుడు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల ఒక గదిని తీసికొందాము. అందులో నలుగురు కూర్చుంటే, మనిషికి 100 వాట్ల చొప్పున వారి శరీరముల నుండి సుమారు 400 వాట్ల వేడి వచ్చును. టీవీ, ఫ్యాను, దీపము కలిపి మరి 200 వాట్లు అనుకొందాము. ఇవి చిన్న లెక్కలు. పెద్ద లెక్క పైకప్పుది. మిట్టమధ్యాహ్నము చదరపు మీటరుకు దాదాపు 1,000 వాట్ల ఎండ పడును. ఈ గది కప్పు 11 చదరపు మీటర్లు గనుక దానిమీద పడునది 11,000 వాట్లు. అదంతా లోపలికి రాదు. అయినను శ్లాబు పగలంతా కాగి, రాత్రి మనము పడుకొన్న తరువాత కూడా ఆ వేడిని క్రిందికి వదలుచుండును. రేకులైతే పగలే మాడ్చివేసి, రాత్రి త్వరగా చల్లారును. అందుచేతనే పైన మరొక అంతస్తు ఉన్న గదికి ఒక టన్ను సరిపోగా, అదే కొలత గల గది ఎండ శ్లాబు క్రింద ఉంటే టన్నున్నర కావలసి వచ్చును.

గనుక మొదటి ఖర్చు కప్పుమీద పెట్టుడి. శ్లాబుకు తెల్లసున్నము వేసినయెడల ఎండలో చాలా భాగము తిరిగి పోవును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది కూడా ఈ కారణము చేతనే. పడమటి గోడకు బీరపాదు పందిరి గాని వేపచెట్టు గాని నీడనిచ్చును. కిటికీలు పగలు మూసి, రాత్రి తెరవండి.

గాలి పొడిగా ఉండు తెలంగాణ, రాయలసీమ ప్రాంతములలో కూలరు బాగా పనిచేయును. దానికి ఒక కిటికీ తెరచి ఉంచవలెను. ఉక్కపోతగల కోస్తా ఊళ్లలో దానివలన ప్రయోజనము తక్కువ. కరెంటు లెక్క కూడా చూడండి. ఎనిమిది గంటలకు కూలరు సుమారు ఒకటిన్నర యూనిట్లు కాల్చును. టన్నున్నర ఏసీ ఆగకుండా నడిస్తే 12 యూనిట్ల వరకు కాల్చును. 24 డిగ్రీల వద్ద పెట్టుకొంటే చాలు.

చలి సంగతి వేరు. అరకు, ఆదిలాబాదు వంటి చోట్ల తప్ప మన ఇండ్లకు యంత్రపు వేడి అక్కరలేదు. తలుపు సందులు మూసి, మంచి దుప్పటి కప్పుకొంటే చాలును. అయితే తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎన్నడును ఉంచవద్దు. దాని విషవాయువుకు వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును.

ఇది కేవలము సుఖమునకు సంబంధించిన మాట కాదు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రెండు వేల మందికి పైగా చనిపోయిరి. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి కూడా శరీరమును మరింత వేడెక్కించును. కాబట్టి ఇంటిలో చల్లని గది ఏదో చూచి, దానిని ముందుగా ముసలివారికి, పసిబిడ్డలకు ఇవ్వండి. దుకాణమునకు వెళ్లకమునుపు గది కొలత, కప్పు రకము, పడమటి ఎండ, మనుష్యుల సంఖ్య ఒక కాగితముమీద వ్రాసికొనండి. సున్నముతో తీరునా, కూలరు చాలునా, ఏసీయే కావలెనా అన్నది ఇంటివారందరు కూర్చుండి ఆ కాగితము చూచి తేల్చుకొనండి.