ఆగస్టులో ఇంకో తేదీ కూడా ఉంది

ఆగస్టు 15న మా మిడుతూరు మండలంలో ఏ బడికెళ్లినా జెండా, చాక్లెట్లు, పిల్లల పాటలే. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకైతే ఆ రోజు గ్యారంటీగా ఒక బిట్టు. మరి 1952 ఆగస్టు 31న ఏం జరిగింది? ఈ బిట్టుకు మనలో ఎంతమంది జవాబు రాయగలం?

బ్రిటిష్ వాళ్లు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. ఒక తెగను నోటిఫై చేశారంటే, అందులో పుట్టినవాడు తప్పు చేశాడా లేదా అన్నదాంతో పనిలేదు. పేరు రిజిస్టర్‌లో, వేలిముద్రలు పోలీసుల దగ్గర. ఊరు దాటాలంటే పాస్. గాడిదల మీద ఉప్పు, ధాన్యం తిప్పి అమ్ముకునే ఎరుకలవాళ్ల వ్యాపారాన్ని రైళ్లు దెబ్బకొట్టాయి. బతుకుదెరువు పోయినోళ్ల మీదే దొంగలన్న ముద్ర పడింది. వాళ్లను ఒకచోట ఉంచడానికి సెటిల్‌మెంట్లు పెట్టారు. స్టూవర్టుపురం సినిమాల వల్ల అందరికీ తెలుసు. మన ఆత్మకూరు వైపు సిద్ధాపురంలోనూ అలాంటి సెటిల్‌మెంట్ ఉండేదని ఇక్కడి కుర్రాళ్లలో చాలామందికి తెలీదు.

మద్రాసు ప్రభుత్వం ఆ చట్టాన్ని 1947లో తీసేసింది. దేశమంతటా రద్దయింది మాత్రం 1952 ఆగస్టు 31న. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్ల పదహారు రోజులకన్నమాట. విముక్త జాతులు అందుకే ఆ రోజును విముక్త దినంగా జరుపుకుంటాయి. అయితే మద్రాసులో 1948కల్లా అలవాటు నేరస్థుల చట్టం వచ్చేసింది. తెగ పేరు పోయింది, పోలీసు నిఘా పోలేదు. జైలు రిజిస్టర్లలో కులం కాలమ్ తీసేయండని సుప్రీంకోర్టు చెప్పింది ఎప్పుడో కాదు, 2024 అక్టోబర్ 3న.

'ఎరుకలవాళ్లు ఎస్టీల్లో ఉన్నారు కదా, రిజర్వేషన్ ఉంది కదా, ఇంకేం కావాలి?' అనేవాళ్లున్నారు. రిజర్వేషన్ సీటు ఇస్తుంది. హాస్టల్‌లో ఫోన్ పోతే ముందుగా ఎవరి పెట్టె వెతుకుతారన్నది అది మార్చలేదు.

కెరీర్ పేజీలో ఈ గోల ఎందుకంటారా? రేపు ఆ రిజిస్టర్లు రాసేది మనమే కాబట్టి. మీలో కొందరు డేటా అనలిస్టులవుతారు, కొందరు హెచ్ఆర్‌లో చేరతారు, కొందరు ఎస్సైలవుతారు. పోలీసులు ఒక కాలనీనే పదేపదే సోదా చేస్తే అక్కడే ఎక్కువ కేసులు నమోదవుతాయి. ఆ పాత రికార్డులతో మోడల్‌ను ట్రెయిన్ చేస్తే, అది మళ్లీ ఆ కాలనీనే చూపిస్తుంది. కులం కాలమ్ తీసేశాం కదా అంటే సరిపోదు. పిన్‌కోడ్, ఇంటిపేరు, ఊరి పేరు ఆ పని చేసిపెడతాయి. 1911లో గుమాస్తా చేసిన పనిని ఇప్పుడు కోడ్ చేస్తుంది, అదీ క్షణంలో. పైగా 'సిస్టమ్ చెప్పింది' అని అందరూ నమ్ముతారు.

అందుకే ఉద్యోగంలో చేరాక మీ చేతికి డేటా వస్తే ఒక్క ప్రశ్న వేయండి: ఈ రికార్డు ఎవరు రాశారు, ఎవరి మీద రాశారు? ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చునే రోజు వస్తే, 'మీదే ఊరు?' అని అడిగాక మీ మొహంలో మార్పు రాకుండా చూసుకోండి. ఎదురుగా కూర్చున్న కుర్రాడు ఆ మార్పు కోసమే భయపడుతుంటాడు.

ఈసారి ఆగస్టు 15న జెండాకు సెల్యూట్ కొట్టండి. 31వ తేదీని కూడా క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి. అదీ మన స్వాతంత్ర్య చరిత్రే.