పాత స్కాన్ ఏదమ్మా?
చేవెళ్ల నుంచి మొయినాబాద్ మీదుగా మెహదీపట్నం వెళ్లే పొద్దుటి బస్సుల్లో, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి బయల్దేరినవాళ్ల ఒళ్లో పెద్ద కవర్లుంటాయి. లోపల ఎండకు అతుక్కుపోయిన ఫిల్ములు. అందరూ కొత్త మిషన్లు కావాలంటారు, నేను పాత స్కాన్ భద్రంగా ఉండాలంటాను. కీమో పనిచేసిందో లేదో ఒక్క స్కాన్ చెప్పలేదు. చికిత్సకు గడ్డలు ఎంత తగ్గాయో తేల్చే 2009 నాటి రెసిస్ట్ 1.1 లెక్కలో, ఎంచుకున్న గడ్డల కొలతల మొత్తం చికిత్సకు ముందున్నదాని కంటే కనీసం 30 శాతం తగ్గితేనే పాక్షికంగా గుణమిచ్చినట్టు. ఆ తేడాను ఫిల్ము మీద కచ్చితంగా కొలవడం కష్టం. స్లైస్ మందం మారినా లెక్క తారుమారే. అందుకే ప్రతి స్కానింగ్ సెంటరూ స్కాన్ అసలు డిజిటల్ రూపమైన డైకామ్ ఫైళ్లను అడక్కుండానే రోగి చేతిలో పెట్టాలి. అవి లేకుంటే వైద్యమూ అంచనాయే, పరిశోధనా అంచనాయే.