‘మా అన్న కొడుకు’ అనే అభిమానం.. ఆ పిల్లలకు భారమవుతోందా? గోదావరి జిల్లాలు ఆలోచించాల్సిన మాట

పాలకొల్లు: విడిపోయిన భార్యాభర్తలు పిల్లల కోసం మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. మరి వాళ్లను చూస్తున్న జనం నేర్చుకున్నారా? పవన్ కల్యాణ్, రేణూ దేశాయ్ కుటుంబం విషయంలో ఏళ్ల తరబడి తేలని ప్రశ్న ఇదే. ఈ ప్రశ్న హైదరాబాద్‌కో, పుణెకో సంబంధించింది అనుకుంటే పొరపాటే. దీని వేళ్లు పాలకొల్లు, నరసాపురం, భీమవరం చుట్టుపక్కలే ఉన్నాయి.

అల్లు రామలింగయ్య పుట్టిన ఊరు పాలకొల్లు. ఆయన కుమార్తె సురేఖను 1980లో పెళ్లి చేసుకున్న చిరంజీవిది ఇక్కడికి దగ్గర్లోని మొగల్తూరు. ప్రజారాజ్యం పెట్టిన చిరంజీవి 2009లో పాలకొల్లు నుంచే పోటీ చేసి ఓడిపోయారు. పదేళ్ల తర్వాత 2019లో తమ్ముడు పవన్ భీమవరంలో నిలబడి ఓడారు. ఓట్ల లెక్క ఎలా ఉన్నా ఈ ప్రాంతానికి ఆ కుటుంబం పరాయిది కాలేదు. అభిమానులకు చిరంజీవి ‘అన్నయ్య’, పవన్ ‘మా అన్న’, సురేఖ ‘వదినమ్మ’. పోస్టర్ కట్టినా, పాలాభిషేకం చేసినా, పార్టీ జెండా మోసినా ఈ చుట్టరికమే నడిపిస్తుంది.

ఇంతవరకూ ఇబ్బంది లేదు. అసలు చిక్కు ఈ చుట్టరికం పిల్లల దాకా వెళ్లినప్పుడే మొదలవుతోంది.

2012 తర్వాత ఏం జరిగింది?

‘బద్రి’ సినిమాతో 2000లో తెలుగు తెరకు వచ్చిన రేణూ దేశాయ్, పవన్ కల్యాణ్ 2009లో పెళ్లి చేసుకున్నారు. అప్పటికే 2004లో పుట్టిన అకీరా నందన్ ఉన్నాడు. 2010లో కుమార్తె పుట్టింది. 2012లో విడాకులయ్యాయి. ఆ తర్వాత రేణు పుణె వెళ్లిపోయి పిల్లలను తన దగ్గరే పెంచారు. మరాఠీలో సినిమాలు తీశారు. పవన్ మరో పెళ్లి చేసుకున్నారు. మామూలుగా అయితే కథ ఇక్కడితో ముగిసిపోవాలి. ఇద్దరు పెద్దవాళ్లు విడిపోయారు, ఎవరి బతుకు వాళ్లది.

కానీ అలా జరగలేదు. 2018 జూన్‌లో రేణు తనకు నిశ్చితార్థం అయిందని ఫొటోలు పెట్టారు. అంతే.. ఒకప్పుడు ‘వదిన’ అని పిలిచిన నోళ్లే తిట్లకు దిగాయి. మాజీ భర్త మళ్లీ పెళ్లి చేసుకుంటే తప్పు కానిది, ఆమె చేసుకుంటే తప్పెలా అవుతుందో ఎవరూ చెప్పలేదు. ఆ నెగెటివిటీ భరించలేక ఆమె ట్విటర్‌ నుంచే వెళ్లిపోయారు.

2023 ఏప్రిల్‌లో అకీరా పుట్టినరోజుకు మరో గొడవ. ‘మా అన్న కొడుకును’ చూపించమంటూ ఓ అభిమాని పెట్టిన కామెంట్‌కు రేణు గట్టిగానే బదులిచ్చారు. అకీరా తన బిడ్డ అని, రాసినవాళ్లూ ఒక తల్లికి పుట్టినవాళ్లే కదా అని నిలదీశారు. పద్దెనిమిదేళ్లు పైబడి చాకిరీ చేసి పెంచిన తల్లి, ఒక్క కామెంట్‌తో పిల్లాడి జీవితంలోంచి మాయమైపోయింది. ఆమె కోపం అందుకే. అభిమానికి మాత్రం తాను తప్పు చేశానని కూడా అనిపించి ఉండదు. ప్రేమతోనే అడిగాడు కదా! సమస్యంతా ఆ ప్రేమలో ఉన్న హక్కు దగ్గరే.

ఇద్దరు తల్లిదండ్రులు.. ఒక పద్ధతి

విడిపోయాక పిల్లలను కలిసి పెంచడమంటే ఒకే ఇంట్లో ఉండటం కాదు, పాత గాయాలు మర్చిపోవడమూ కాదు. ‘నా బాధ నాది, నీ తండ్రితో నీ బంధం నీది’ అని పిల్లలకు చెప్పగలగడం. రేణు మాటల్లో ఇది కనిపిస్తుంది. 2023 ఆగస్టులో ఆమె ఓ వీడియో పెట్టారు. వ్యక్తిగతంగా తనకు అన్యాయం జరిగిందన్న మాట వెనక్కి తీసుకోలేదు. అదే నోటితో రాజకీయంగా పవన్ సమాజం కోసం పనిచేస్తున్నారని చెప్పారు. పిల్లలను మాత్రం ఈ రాజకీయాల్లోకి లాగొద్దని వేడుకున్నారు.

2024 జూన్‌లో పవన్ పిఠాపురంలో గెలిచి ఢిల్లీ వెళ్లి ప్రధాని మోదీని కలిసినప్పుడు అకీరా పక్కనే ఉన్నాడు. జూన్ 12న ప్రమాణ స్వీకారానికి అకీరా, చెల్లెలు ఇద్దరూ వచ్చారు. ఆ ఏడాది ఆగస్టు 15న కాకినాడ వేడుకలకు కుమార్తె తండ్రితో వెళ్లింది. తండ్రీకూతుళ్ల సెల్ఫీని తల్లే ఆనందంగా పంచుకున్నారు. తండ్రి గెలిచిన రోజున బిడ్డ సంతోషపడితే తల్లికి చిన్నతనం లేదు. తల్లి దగ్గర పెరిగినందుకు తండ్రి దగ్గర బిడ్డకు చోటు తగ్గలేదు. బయటికి కనిపించినంతవరకు ఇది చాలా కుటుంబాలు చేయలేకపోతున్న పని.

అయితే ఆ జూన్‌లోనే ఇంకోటీ జరిగింది. కుటుంబ ఫొటోలు బయటికి రాగానే రేణు మీద మీమ్స్ మొదలయ్యాయి. ఆ కామెంట్లు చదివి తన కూతురు ఏడ్చిందని ఆ తల్లి రాసుకున్నారు. పద్నాలుగేళ్ల పిల్ల. తండ్రి విజయోత్సవం రోజుల్లో తల్లి మీద జోకులు చదివి ఏడ్చింది. గెలుపు సంబరం చేసుకున్న ఫోన్లలోనే ఆ జోకులూ తిరిగాయి.

రాజకీయం చేసిన గాయం

పిల్లలకు ఈ మాటలు సినిమా అభిమానుల నుంచే రాలేదు. వేదికల మీద నుంచీ వచ్చాయి. 2023 డిసెంబర్ 29న భీమవరం సభలో అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ జగన్ పవన్ పెళ్లిళ్ల గురించి ప్రస్తావించారు. అంతకుముందూ, ఆ తర్వాతా అది ఎన్నికల ప్రచారంలో నడుస్తూనే ఉంది. నాయకుడి పాలన మీద, మాట తప్పడం మీద ఎంతైనా అడగొచ్చు. కానీ పెళ్లిళ్ల లెక్క చెప్పిన ప్రతిసారీ ఆ పెళ్లిళ్లలో పుట్టిన పిల్లలు స్కూల్లో కూర్చుని ఉంటారన్నది మరిచిపోతున్నారు.

ఇది ఒక పార్టీ జబ్బే అంటే అబద్ధం. 2025 ఏప్రిల్‌లో జగన్ సతీమణి భారతి మీద అసభ్యంగా మాట్లాడిన వ్యక్తి టీడీపీ కార్యకర్తే. పార్టీ అతన్ని సస్పెండ్ చేసింది, పోలీసులు అరెస్టు చేశారు. అంతకుముందు 2021 నవంబర్‌లో తన భార్య గురించి అసెంబ్లీలో మాట్లాడారంటూ చంద్రబాబు మీడియా ముందే కన్నీళ్లు పెట్టుకున్నారు. ఎవరింటి మీద పడినప్పుడు వాళ్లకు నొప్పి తెలిసింది. పక్కింటి మీద పడినప్పుడు కింద ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

సింగపూర్ మంటలు.. ఇక్కడి కామెంట్లు

2025 ఏప్రిల్ 8. సింగపూర్‌లో పిల్లలు శిక్షణ తీసుకుంటున్న భవనంలో మంటలు. పవన్ కల్యాణ్ చిన్న కుమారుడికి చేతులు, కాళ్లకు గాయాలయ్యాయి. ఊపిరితిత్తుల్లోకి పొగ వెళ్లింది. ఆ ప్రమాదంలో పదేళ్ల పాప ప్రాణాలు కోల్పోయింది. దగ్గర్లో పనిచేస్తున్న కార్మికులు పరంజాలు వేసి పిల్లలను కిందికి దించారు. వాళ్లలో భారతీయులూ ఉన్నారు. వారిని సింగపూర్ ప్రభుత్వం గౌరవించింది. అదే రోజు పెద్ద కొడుకు అకీరా పుట్టినరోజు కావడం ఆ తండ్రికి మరో మెలిక.

అప్పుడు అల్లూరి జిల్లా పర్యటనలో ఉన్న పవన్ ఆ తర్వాత సింగపూర్ వెళ్లారు. చిరంజీవి, సురేఖ కూడా వెళ్లారు. బాబు కోలుకుని హైదరాబాద్ చేరాక తల్లి అన్నా లెజినోవా తిరుమల వెళ్లి తలనీలాలు సమర్పించారు. బిడ్డ గట్టెక్కితే మొక్కు తీర్చుకోవడం ఈ నేలలో ఏ తల్లి అయినా చేసేదే. దాని మీద కూడా ట్రోలింగ్ వచ్చింది. విజయశాంతి లాంటి వారు బహిరంగంగా ఖండించాల్సి వచ్చింది. ఆ బాబు మీదే అసభ్యంగా పోస్టులు పెట్టిన ఒకరిని గుంటూరు జిల్లా పోలీసులు అరెస్టు చేశారు.

ఒక్కసారి ఆ పిల్లాడి వైపు నుంచి చూడండి. కాలిన చర్మం కొన్ని వారాల్లో మానుతుంది. పొగ వాసన వస్తే భయపడటం, రాత్రిళ్లు ఉలిక్కిపడటం లాంటివి పెద్ద ప్రమాదాల తర్వాత పిల్లల్లో కనిపించే లక్షణాలే. వీటికి నిపుణులు చెప్పే మందు చాలా మామూలుగా ఉంటుంది. రోజూ ఉండే స్కూలు, ఆట, నిద్ర మళ్లీ గాడిన పడాలి. నమ్మే మనిషి పక్కన ఉండాలి. జరిగింది పిల్లాడు తనంతట తాను చెప్పినప్పుడు వినాలి కానీ గుచ్చి గుచ్చి అడగకూడదు. ప్రమాదం దృశ్యాలు పదే పదే కళ్లబడకుండా చూడాలి. సెలబ్రిటీ పిల్లలకు ఈ చివరి రెండే దక్కవు. ‘ఇప్పుడెలా ఉన్నాడు, ఫొటో ఏది’ అని లోకం అడుగుతూనే ఉంటుంది. ఏ రోజు ఫోన్ తెరిచినా ఆ మంటల వీడియో మళ్లీ ఎదురవుతుంది.

చట్టం ఎంతవరకు?

విడాకుల కేసుల్లో గోప్యతకు దారి ఉంది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం భార్యాభర్తల్లో ఎవరు కోరినా విచారణ మూసిన తలుపుల వెనకే జరగాలి. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న దానికి 1956 చట్టం పెట్టిన కొలత పిల్లల సంక్షేమమే, తల్లిదండ్రుల పంతం కాదు. నేరాల్లో బాధితులైన పిల్లల గుర్తింపు బయటపెడితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదంటే రెండూ.

కానీ కేసులోనూ లేక, నేరంలోనూ లేక, కేవలం పేరున్న ఇంట్లో పుట్టిన పిల్లల సంగతేంటి? బ్రిటన్ పత్రికల నియమావళి దీనికి సూటిగా గీత గీసింది. తల్లిదండ్రుల పేరు ప్రఖ్యాతులను మాత్రమే కారణంగా చూపి పిల్లల వ్యక్తిగత విషయాలు ప్రచురించకూడదు. ఫ్రాన్స్ 2024 ఫిబ్రవరిలో మరో అడుగు వేసింది. పిల్లల ఫొటోల హక్కును కాపాడే బాధ్యత తల్లిదండ్రులిద్దరిదీ అంది. తగువు వస్తే, రెండోవారి అంగీకారం లేకుండా ఒకరు ఫొటోలు పెట్టకుండా జడ్జి ఆపవచ్చు. మన దగ్గర అలాంటి గీత ఇంకా స్పష్టంగా లేదు. అందుకే పోస్టు వైరల్ అయ్యాక, పిల్ల ఏడ్చాక పోలీసులు రావాల్సి వస్తోంది.

2024 జులైలో తండ్రీకూతుళ్ల వీడియో మీద నీచంగా మాట్లాడిన యూట్యూబర్ వ్యవహారం ఇందుకు ఉదాహరణ. సాయి దుర్గా తేజ్ (సాయి ధరమ్ తేజ్) ట్వీట్ చేసి ముఖ్యమంత్రుల దృష్టికి తీసుకెళ్లాక తెలంగాణలో పోక్సో కేసు నమోదైంది, ఆ తర్వాత అరెస్టు జరిగింది. అక్కడా ముందు నవ్విన వాళ్లు ఉన్నారు, ఆ తర్వాతే కేసు వచ్చింది.

పాలకొల్లులో ఇది ఎవరి కథ?

ఇంకో మాట. పేరున్నవాళ్లకే లోకం కళ్లు ఉంటాయనుకుంటే తప్పు. పశ్చిమ గోదావరి, కోనసీమ ఊళ్ల నుంచి ఎంతోమంది ఆడవాళ్లు కువైట్, దుబాయ్ వెళ్లి ఇళ్లలో పనిచేస్తున్నారు. వాళ్ల పిల్లలు అమ్మమ్మల దగ్గరో, నాయనమ్మల దగ్గరో పెరుగుతున్నారు. కొన్ని ఇళ్లల్లో భార్యాభర్తలు విడిపోయారు కూడా. ఆ పిల్లలకు కెమెరాలు ఉండవు కానీ వీధి ఉంటుంది. ‘మీ అమ్మ ఫోన్ చేస్తోందా, మీ నాన్న ఎక్కడున్నాడు’ అని అరుగు మీద నుంచి అడిగే పెద్దలుంటారు. ఆప్యాయంగానే అడుగుతారు. బదులు చెప్పే పిల్లకు మాత్రం రోజూ అదే పరీక్ష. ఇప్పుడు అరుగు వాట్సాప్ గ్రూపులోకి మారింది, అంతే తేడా.

తల్లిదండ్రులు విడిపోవడం కంటే, వాళ్ల మధ్య గొడవలో పిల్లలను నిలబెట్టడమే ఎక్కువ చేటు చేస్తుందని పిల్లల మానసిక నిపుణులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. పెద్దవాళ్లు ఆ గొడవ ఆపినా, చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని కొనసాగిస్తే పిల్లలకు ఫలితం ఒకటే. రేణు ఇంట్లో అదే జరిగింది. తల్లీ తండ్రీ రాజీ పడ్డ చోట ఫ్యాన్స్ రాజీ పడలేదు.

ఇందులో చానళ్ల వాటా తక్కువేం కాదు. థంబ్‌నెయిల్‌లో పిల్లల ముఖం పెడితే క్లిక్కులు వస్తాయని తెలిసే పెడుతున్నారు. ఆ క్లిక్కులు ఆగితే ఫొటోలూ ఆగుతాయి. కాబట్టి తాళం చెవి సగం చూసేవాళ్ల చేతిలోనే ఉంది. మైనర్ పిల్లల మీద వీడియో కనిపిస్తే షేర్ చేయకపోవడం, కామెంట్‌కు బదులు రిపోర్ట్ నొక్కడం.. దీనికి చట్టం అక్కర్లేదు, పార్టీ అక్కర్లేదు.

పిల్లలు వేధింపులకు గురైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చు. భయం, దిగులు, నిద్ర పట్టకపోవడం లాంటి ఇబ్బందులకు కేంద్రం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు. రెండూ ఉచితమే. ఆన్‌లైన్‌లో అసభ్య పోస్టుల మీద జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు.

అకీరా ఇప్పుడు పెద్దవాడు. సినిమాల్లోకి వస్తాడా, ఎప్పుడొస్తాడు అన్నది అతనే చెప్పాలి. వచ్చిన రోజున పాలకొల్లులో కటౌట్ లేస్తుంది, అందులో అనుమానం లేదు. ఆ కటౌట్ కింద నిలబడేవాళ్లు ‘మా అన్న కొడుకు’ అన్న మాట పక్కనే ‘ఆ తల్లి పెంచిన బిడ్డ’ అని కూడా అనగలిగితే, ఇన్నేళ్ల బాకీలో కొంతైనా తీరుతుంది.