ఇంజక్షనా, ఆపరేషనా: దూరమూ లెక్కలోకి రావాలి

ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకాక డాక్టర్లు మొదట చేసే పని టెస్టోస్టెరాన్‌ను అణచడం. దీనితో వ్యాధి తగ్గుముఖం పడుతుందని చార్లెస్ హగ్గిన్స్ 1941లోనే చూపాడు, 1966లో నోబెల్ అందుకున్నాడు. ఇందుకు ఈనాటికీ ముఖ్యంగా రెండు దారులు: నెలకో మూడు నెలలకో ఇంజక్షన్, లేదా వృషణాలు తీసేసే చిన్న ఆపరేషన్. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి సుమారు 300 కిలోమీటర్లు. ఇంజక్షన్ ఆలస్యమైతే హార్మోన్ మళ్లీ పెరగొచ్చు. అందుకే ఊరెంత దూరం, తోడెవరొస్తారు అన్నవి కూడా వైద్యం ఎంపికలో అడగాల్సిన ప్రశ్నలే.

దూరం చూసి ఆపరేషన్ సూచిస్తే పేదవాడికి చవక వైద్యం అంటగట్టడమే కదా అనొచ్చు. కాదు. హార్మోన్‌ను తగ్గించడంలో ఆపరేషన్ ఇంజక్షన్‌కు తీసిపోదు. అయితే అది వెనక్కి తీసుకోలేని మార్పు, మగవాడికి ఆ బాధ చిన్నది కాదు. కనుక చివరి మాట రోగిదే కావాలి, కొడుకులది కాదు. అసలు అన్యాయం, ఏ దారి పట్టినా అక్కడితో ఆగిపోవడం. ముప్పు ఎక్కువున్న రోగులకు అబిరటిరోన్ మాత్రలు కూడా ఇస్తే మరణ ముప్పు మూడో వంతుకు పైగా తగ్గుతుందని 2017లో వెలువడిన లాటిట్యూడ్ అధ్యయనం తేల్చింది. వ్యాధి బాగా విస్తరించినవారికి డోసిటాక్సెల్ కీమో ఆయుష్షు పెంచుతుందని 2015లోనే తెలిసింది. మాత్రలతో బీపీ పెరగొచ్చు, పొటాషియం పడిపోవచ్చు; వాటితో వాడే స్టెరాయిడ్ షుగర్‌ను పెంచొచ్చు. కీమోలో జ్వరమొస్తే ఆ రాత్రే ఆసుపత్రికి చేరాలి. ఉట్నూరు గూడెంలో ఉండే మనిషికి మాత్రలకూ కీమోకూ ఉన్న ఈ తేడా ప్రాణంతో సమానం. కిక్కిరిసిన ఓపీలో ఇంత మాట్లాడే తీరిక డాక్టర్‌కు ఎక్కడిదంటారు. నిజమే, ఆ పనికి శిక్షణ పొందిన నర్సును కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో, ఆదిలాబాద్ రిమ్స్‌లో నియమించాలి. క్యాన్సర్ తీరు తెలిపే పీఎస్ఏ రక్తపరీక్ష, పొటాషియం పరీక్ష అక్కడే జరగాలి.