గాలపు కర్రకు ఏ జిగురు?

మొన్న జొన్నగిరి చెరువు గట్టున ఒక పిల్లవాడు కంటతడి పెట్టుకొన్నాడు. తాను స్వయంగా చేసుకొన్న గాలపు కర్ర, చేప లాగగానే పిడి దగ్గర ఊడిపోయింది. చూస్తే, చెక్కపనికి వాడే మామూలు తెల్ల జిగురుతో అతికించాడు. అది నీటికి మెత్తబడుతుంది. క్షణంలో అంటుకొనే జిగురు గట్టిదే గాని పెళుసు; కుదుపుకు పగులుతుంది. ఈ పనికి తగినది రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు.

వెదురు బాగా ఆరియుండాలి. దాని నున్నని పైపొరను గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడవండి. రెండు ట్యూబులూ అట్టపై చెప్పిన పాళ్లలోనే కలపండి. గట్టిపరచేది ఎక్కువ పోస్తే అతుకు బలహీనమవుతుంది. పూసి, దారంతో బిగించి, ఒక రోజంతా కదపకండి.

తండ్రులారా, జిగురు చేతికి అంటకుండా చూస్తూ బిడ్డ ప్రక్కన కూర్చోండి. కర్రతోపాటు మీ ఇద్దరి మధ్య అతుకు కూడా గట్టిపడుతుంది.