‘మయూరి’ చూసి మొండికేస్తే...

“సుధాచంద్రన్ కాలు పోయినా ఆడలేదా మామా? నాది ఉత్త నొప్పే గదా!” అని మా మేనకోడలు ఒక్క ప్రశ్నతో నా నోరు మూయించింది.

నల్గొండలో డిగ్రీ చదువుతోంది. కాలేజీ వార్షికోత్సవం కోసం నెలరోజులు ఇంట్లో షాబాదు బండల మీద, వట్టి కాళ్లతో ఒకటే ప్రాక్టీసు. చివరికి అరికాలి ముందుభాగంలో, వేళ్ల వెనక నొప్పి మొదలైంది. “గులకరాయి తొక్కినట్టే అయితుంది” అంది. పక్కింటావిడ నూనె మర్దన చెయ్యమంది. నేనేమో అన్నీ తెలిసినవాడిలా “ఓర్చుకో” అన్నాను. తప్పు నాదే!

పాదం పైన వాపు వచ్చాకగాని డాక్టరు దగ్గరికి పోలేదు. వేళ్లకు వెనక ఐదు పొడుగు ఎముకలుంటాయట. అడుగు తీసి అడుగు వేసేటప్పుడు, ఎగిరి దిగేటప్పుడు ఒంటి బరువు వాటి కొసల మీద పడుతుంది. ఎత్తు మడమల చెప్పులైతే ఊరికే నిలబడ్డా అంతే! అక్కడి నొప్పి పేరు మెటటార్సాల్జియా. (కొత్త విలన్ పేరులా లేదూ!) మొన షూ వేళ్లను నొక్కితే మూడో, నాలుగో వేళ్ల మధ్య నరం ఉబ్బి మంటా తిమ్మిరీ పుట్టడం మరో రకం. చాలామందికి వెడల్పాటి మెత్తని చెప్పులు, విశ్రాంతి, గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెడితే తగ్గుతుంది. చెప్పులో మెత్త పెడితే మాత్రం నొప్పి ఉన్నచోట కాదు, దానికి కాస్త వెనక పెట్టాలి. షుగరున్నవాళ్లు ఈ చిట్కాలతో కాలక్షేపం చెయ్యకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి.

అసలు భయం ఎముక చిట్లడం. కవాతు చేసే సిపాయిలకూ, నాట్యం చేసేవాళ్లకూ వస్తుంది. డాక్టరు ఒక్క ఎముక మీద వేలు పెట్టి నొక్కగానే మా పిల్ల కెవ్వుమంది. ఎక్స్‌రేలో ఏమీ లేదు! మొదటి రెండు మూడు వారాలు కనబడకపోవచ్చునట. అనుమానం మీదే ఆట బంద్ చేయించాడు. మూడో వారం తీసిన ఎక్స్‌రేలో సన్నటి గీత తేలింది.

మరి ‘మయూరి’ సంగతి? 1981లో బస్సు ప్రమాదంలో సుధాచంద్రన్ కుడికాలికి గాయమై, గాంగ్రీన్ వచ్చి, కాలు తీసెయ్యాల్సి వచ్చింది. జైపూర్ కాలు పెట్టుకుని మళ్లీ వేదిక ఎక్కడానికి ఏళ్లు పట్టాయి. సింగీతం శ్రీనివాసరావు గారి సినిమా 1985లో వచ్చింది. ఆ ఏళ్లన్నీ మనం ఒక్క ఆటలో చూసేశాం. మా పిల్లకు ఇదే చెప్పాను.

వార్షికోత్సవం రోజున ముందు వరసలో కూర్చుంది. తన పాటకు ఇంకో అమ్మాయి ఆడింది. నాతో రెండ్రోజులు మాట్లాడలేదు.