ప్రక్షిప్త చక్రాలు

ఒక బొమ్మ కారు ముందు తెలుగు పంతులు తల వంచుకోవలసివచ్చిన సంగతి పాఠకులకు మనవి చేస్తాను.

మొన్న వేసవి సెలవులలో మిచిగన్‌లో ఉన్న మా అక్కయ్యగారింటికి వెళ్ళాను. మా మేనల్లుడికి పదిహేనేళ్ళు. వాడి బల్ల నిండా సన్నరంపం, ఆకురాయి, గరుకు కాగితం, రంగు సీసాలు. వాటి మధ్య జానెడు పొడుగున ప్లాస్టిక్ కారు. 1949 నాటి మెర్క్యురీ అట. అసలు కారులో ఇరవై అయిదో వంతు.

"డబ్బిచ్చి కొన్న బొమ్మను మళ్ళీ కోయడం దేనికిరా?" అన్నాను.

"కోస్తేనే కదా మావయ్యా, కస్టమ్ అయ్యేది!"

అప్పుడు వాడు పాఠం చెప్పాడు, నేను విన్నాను. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా కుర్రకారు పాత కార్లు కొని, కప్పు కోసి కిందికి దించేవారట. మీది అలంకారాలన్నీ పీకి, ఆ చిల్లులు సీసం పోసి పూడ్చేవారట. లాస్ ఏంజెలిస్ దగ్గర లిన్‌వుడ్‌లో జార్జి బారిస్, శామ్ బారిస్ అనే అన్నదమ్ములు ఈ విద్యలో ఘనులు. వారు బాబ్ హిరోహాటా అనే యువకుడి మెర్క్యురీని లేత, ముదురు ఆకుపచ్చ రంగులలో తీర్చిదిద్దితే దేశమంతా చెప్పుకున్నదట. 1958లో ఏ.ఎమ్.టి. అనే మిచిగన్ కంపెనీ ఒకే పెట్టెలో మూడు విధాలుగా కూర్చుకోదగిన బొమ్మలు తెచ్చింది: ఉన్నదున్నట్టు, కస్టమ్‌గా, పందెపు కారుగా. అంతటితో ఈ విద్య పిల్లల బల్లల మీదికి వచ్చింది.

లెక్క కూడా చిత్రమే. అసలు కారులో అంగుళం బొమ్మలో ఇంచుమించు ఒక మిల్లీమీటరు. నాలుగంగుళాలు కప్పు దించాలంటే నాలుగు మిల్లీమీటర్లు కోయాలి. అద్దం పక్క స్తంభాలు ఏటవాలుగా ఉంటాయి గనుక, కోసి దించితే కప్పు ఒకచోట, స్తంభం ఇంకొకచోట! అతికిన చోట మెత్తిన పూత ఆరుతూ కుంగిపోతుంది. మళ్ళీ మెత్తాలి, మళ్ళీ అరగదీయాలి. మావాడు మూడువారాలు ఓపిక పట్టాడు.

ఇదంతా పొరుగింటి తాతగారి కోసం. ఆయనకు ఎనభై అయిదేళ్ళు. చిన్నతనంలో వాళ్ళ అన్నగారు తమ షెడ్డులో ఇలాంటి మెర్క్యురీనే కోసి దించాడట. 1956లో పెళ్ళి చేసుకుని దాన్ని అమ్మేశాడు. ఇప్పుడు కారూ లేదు, అన్నగారూ లేరు. ఒక నలుపు తెలుపు ఫొటో మాత్రం మిగిలింది.

ఒక సాయంత్రం ఆయన వచ్చారు. కప్పు తడిమి మెచ్చుకున్నారు. చక్రాల దగ్గర ఆగిపోయారు. మావాడు ధగధగలాడే అయిదాకుల చక్రాలు బిగించాడు.

"ఇవి మా అన్నవి కావు నాయనా," అన్నారు.

"ఇవైతే అందంగా ఉన్నాయి కదండీ?"

"అందంగానే ఉన్నాయి. మా అన్న కారు అమ్మేనాటికి ఇవి పుట్టలేదు."

నిజమే. ఆ రకం చక్రాలు వీధి కార్లకు వచ్చింది 1960ల్లో. 1953 నాటి కుర్రవాడు పెద్ద మెరుపు మూతలు, వెడల్పాటి తెల్లపట్టీ టైర్లు పెట్టేవాడు. 1962లో ఆ పట్టీ సన్నగిల్లింది. పట్టీ వెడల్పు చూసి కాలం చెప్పవచ్చు.

నేను ఊరుకోలేకపోయాను. "దీన్నే ప్రక్షిప్తం అంటార్రా. పాత కావ్యం నకలు రాసేవాడు, బాగుంది కదా అని తన పద్యం ఒకటి మధ్యలో దూర్చడం!"

"తాళపత్రాలు అయిపోయి కార్ల మీద పడ్డావుటయ్యా!" అని బావగారు నవ్వారు.

మావాడు నవ్వలేదు. ఈ బొమ్మలకు వాడే జిగురు మన బంక వంటిది కాదు. ప్లాస్టిక్‌ను కరిగించి రెంటినీ ఒకటి చేస్తుంది. చక్రం పీకబోతే ఇరుసు విరిగింది. రెండురోజులు ముఖం ముడుచుకు కూర్చుని, మూడోనాడు తీగతో కొత్త ఇరుసు చేసి, తెల్లపట్టీ టైర్లు వేశాడు. తాతగారు బొమ్మను కంటి ఎత్తుకు పట్టుకుని చాలాసేపు చూశారు. "ఇప్పుడు మావాడిదే," అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణమేమంటే, పదేళ్ళ కిందట మా నాన్నగారి డైరీలకు నేను శుద్ధప్రతి రాశాను. ఆయన "సంతకెల్లాను" అని రాస్తే "సంతకు వెళ్ళాను" అని దిద్దాను. బాగుంటుందనే దిద్దాను. ఇల్లు మారేటప్పుడు అసలు డైరీలు పాత కాగితాలవాడికి పోయాయి. శుద్ధప్రతి బీరువాలో ఉంది. అందులో ఒక్క తప్పూ లేదు. నాన్నగారూ లేరు.

మీ ఇంట పెద్దల చేతిరాత ఉంటే, దయచేసి దిద్దకండి. తెల్లపట్టీ వెడల్పు కూడా మార్చకండి.